రంగులో ముంచని నూలు

పోచంపల్లి,
ఫిబ్రవరి 4.

అక్క సంధ్యకు,

తమ్ముడు శ్రవణ్‌కుమార్ కోపంతో రాసేది. ఇక్కడ మేము క్షేమంగా లేము. నువ్వక్కడ క్షేమంగా ఉన్నావని తెలిసి కోపం ఇంకా పెరిగింది.

ఫోనులో అరుస్తున్నానని నా నంబరు ఆపేశావు. "కోపమొస్తె కాయితం మీద పెట్టుమను, పోస్టాఫీసు దాకా నడిచేసరికి సగం సల్లారుతది" అని పక్కింటి సుహాసిని వదినతో చెప్పించావు. నడిచాను. చల్లారలేదు. పోస్టాఫీసు భోజనానికి మూసి ఉంటే ఇంకా రగిలింది.

విషయానికి వస్తాను. అమ్మ పోయిన దుఃఖం ఇంట్లో పచ్చిగా ఉండగానే నువ్వు చీరాల అవతల సముద్రపు ఒడ్డుకు ఉద్యోగమని వెళ్లిపోయావు. ఏం ఉద్యోగం? జాలరి ఆడవాళ్లతో సముద్రంలో గడ్డి పెంచించే ఉద్యోగం! మీ సంస్థ కాగితం చదివాను. 'తీరప్రాంత మహిళల సుస్థిర జీవనోపాధి' అని ఉంది. సుస్థిరం అనే మాట ఎక్కడ కనబడినా నాకు అనుమానమే. ఈ దేశంలో ఇన్నేళ్లుగా స్థిరంగా ఉన్నది పేదరికం ఒక్కటే.

ఇక్కడ బాపు మగ్గంలో కూర్చోవడం లేదు. అమ్మ చివరిసారి చిటికి కట్టిన నూలు కట్ట గోడ కొయ్యకు వేలాడుతోంది. దాన్ని రంగులో ముంచడు. ఇంకొకరిని ముట్టనివ్వడు. షావుకారు వేరే నూలు పంపిస్తే దాన్ని మూలకు పెట్టి, మళ్లీ ఈ కట్ట కిందే వచ్చి కూర్చుంటాడు. అడిగితే పలకడు. షావుకారు మనిషి వచ్చి, మగ్గం నడపకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని బెదిరించి పోయాడు. బాపు వాడి వంక కూడా చూడలేదు.

రాత్రింబవళ్లు ఆలోచించాను. ఇది సమ్మె. మరమగ్గాల మీద నేసి అచ్చు కొట్టిన దొంగ చీరలను పోచంపల్లి చీరలని అమ్మే వ్యవస్థ మీద ఒక చేనేత కార్మికుడు ఒంటరిగా చేస్తున్న మౌన సమ్మె. ఇంటర్ నుంచి కరపత్రాలు చదువుతున్న నేను, మన ఇంట్లోనే ఉద్యమం నడుస్తుంటే గుర్తుపట్టలేకపోయాను. సిగ్గుగా ఉంది.

ఆ గడ్డిని చేపలకు వదిలేసి వెంటనే రా. బాపు మళ్లీ మగ్గంలో కూర్చోవాలి. కానీ గెలిచి కూర్చోవాలి.

ఇట్లు,
రాజీపడని నీ తమ్ముడు
శ్రవణ్‌కుమార్

తా.క.: బాపు సమ్మె మీద కరపత్రం రాస్తున్నాను. అమ్మ ఉంటే చదివేది. నా పోయినేటి కరపత్రాన్ని అమ్మ తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి "మంచిగ రాసినవ్ బిడ్డా" అంది, గుర్తుందా? "నీ రాత ఎటునుంచి చదివినా ఒక్కటేరా" అన్నాడు బాపు. మనమందరం నవ్వాం. బాపు జోకు వేయడం నేను చూసింది అదే చివరిసారి.

*

పల్లెపాలెం,
ఫిబ్రవరి 12.

కోపాల తమ్ముడికి,

అక్క సంధ్య దీవించి రాసేది. నేను క్షేమమే, నన్ను క్షమించు.

మొదట ఒక మాట. ఇది గడ్డి కాదు, నాచు. వెదురు బొంగులతో చదరంగా తెప్ప కడతాం. దానికి అడ్డంగా తాళ్లు లాగి, తాడు పొడుగునా నాచు ముక్కలు కట్టి నీళ్లలోకి వదులుతాం. ఎరువులేదు, మందులేదు, నీళ్లు పెట్టే పనిలేదు. బోరు ఎండిపోతుందన్న బెంగ లేని సేద్యం మన నల్లగొండ వైపు ఎవరైనా చూశారా? నెలన్నరకు గుబురుగా పెరుగుతుంది. కోసి, మళ్లీ నాటడానికి కొంత ఉంచుకుని, మిగతాది ఇసుక మీద ఎండబెడతాం.

ఇక్కడ మా సంఘానికి పెద్ద పుష్పమ్మ అనే ఆమె. నా కంటే పొట్టి, గొంతు మాత్రం మైకు. "ఇన్నాళ్లూ మా మొగోళ్లు సముద్రంలోకి పోతే మేం ఒడ్డున కూర్చుని దండం పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు మేం లోపలికి పోతంటే వాళ్లు కూర్చుంటన్నారు. దండం మాత్రం ఎవుడూ పెట్టట్లేదు" అంటుంది. వీళ్ల చేపల గంపలు రోజురోజుకు తేలికవుతున్నాయి. వలల్లో పడేది తగ్గిపోయింది. తెప్పలు మాత్రం ఆడవాళ్ల పేరు మీదే ఉన్నాయి. నువ్వు చదివే కరపత్రాల్లో ఉండేది ఇదే కదరా, ఇక్కడ ఉప్పు వాసనతో ఉంది, అంతే తేడా.

ముక్కలు కట్టడం నేర్పింది నేనే. అమ్మ నేర్పిన చిటికి ముడి. చిటికి అంటే ఏమిటని పుష్పమ్మ అడిగింది. చెప్పాను. తెల్లనూలు సాగదీసి మా బాపు బొగ్గుతో గుర్తులు పెడతాడు. గుర్తు మీద అమ్మ సైకిలు ట్యూబు రబ్బరు పీలిక చుట్టి, చుక్క నీరు కూడా చొరబడకుండా బిగిస్తుంది. ఆ నూలును రంగులో ముంచి, తర్వాత విప్పితే కట్టినచోట రంగెక్కదు, తెల్లగా ఉంటుంది. నేసినప్పుడు అదే పువ్వవుతుంది. పుష్పమ్మ చేతిలో తాడు పక్కన పెట్టి, "అయితే మీ అమ్మ ఎక్కడ దాచిపెడితే అక్కడ పువ్వన్నమాట" అంది. ఇంత బాగా మన ఊళ్లో కూడా ఎవరూ చెప్పలేదు.

ఇక బాపు సంగతి. అది సమ్మె కాదురా, దుఃఖం. రంగులో ముంచితే ఆ తర్వాత విప్పాలి. విప్పితే అమ్మ వేళ్లు వేసిన చివరి ముడులు పోతాయి. అందుకే ముంచడం లేదు. ఆ కట్టను ముట్టుకోకు. కరపత్రం వేయకు. బాపును కొన్నాళ్లు అలాగే కూర్చోనీ.

ఇట్లు,
నీ అక్క
సంధ్య

తా.క.: ఈ నాచు చివరికి ఎక్కడికి పోతుందో తెలుసా? జిగురు తీసి మందుల్లో, ఐస్‌క్రీంలో కలుపుతారట. నువ్వు చిన్నప్పుడు పుల్ల ఐసు కోసం దొర్లి ఏడ్చిన విషయం పుష్పమ్మకు చెప్పాను. నిన్ను చూడాలని ఉందట.

*

పోచంపల్లి,
ఫిబ్రవరి 21.

అక్కకు,

శ్రవణ్‌కుమార్ ఉద్యమాభివందనాలతో రాసేది. ఇక్కడ క్షేమం కాదు గానీ చైతన్యం ఉంది.

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే కరపత్రం అచ్చయింది: 'ఒక నేతగాని మౌన సమ్మె'. చౌరస్తాలో, బస్సుల్లో, చీరల షాపుల ముందు పంచాను. చదివినవాళ్లు చలించారు. యువజన సంఘం అధ్యక్షుడు విజేందర్ పదిమందిని వెంటబెట్టుకుని శాలువాతో ఇంటికి వచ్చాడు. వాళ్లను చూడగానే బాపు మగ్గం గుంతలోకి దిగి తల కిందికి వంచుకున్నాడు. ఎంత పిలిచినా పైకి రాలేదు. "పోరాటంలో కూడా మగ్గాన్ని విడవని మనిషి!" అని నేను అక్కడే ప్రకటించాను. శాలువాను మగ్గానికే కప్పి ఫోటో దిగారు.

ఇప్పుడు అసలు సంగతి. మార్చి ఎనిమిదిన, మహిళా దినోత్సవం నాడు, హైస్కూలు గ్రౌండులో సభ. అమ్మ కట్టిన ఆ నూలు కట్టను ప్రజలందరి ముందు ఎర్రరంగులో ముంచుతాం. అక్కడే విప్పి, ఒక్కొక్క పువ్వునూ జనానికి చూపిస్తాం. ఒక శ్రామిక స్త్రీ చేతి పని ఎంత తప్పులేనిదో, ఈ అచ్చు మిషన్లు దాని కాలిగోటికి సరిపోవని నిరూపిస్తాం. ఆ నూలుతోనే మా జెండా నేయిస్తాం. నువ్వు దుఃఖం అన్నావు. సరే, దుఃఖమే. దుఃఖాన్ని కొయ్యకు వేలాడదీస్తే ఏం లాభం? దాన్ని జెండా చేయాలి.

ఈ నిర్ణయం బాపుకు చెప్పాను. నెలలుగా నోరు విప్పని మనిషి, "అందరి ముంగటనా?" అన్నాడు. జిల్లా మొత్తం ముందు అన్నాను. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడూ సరిగా తినలేదు. సమ్మె నిరాహారదీక్షగా మారిందని విజేందర్‌కు కబురు పంపాను.

నీ ఉత్తరం కూడా చదివి వినిపించాను. మధ్య మధ్య నా వ్యాఖ్యానం చేర్చాను, అది వేరే సంగతి. బాపు ఒకటే అడిగాడు: "గడ్డికి ముడి ఎట్ల కడుతుండ్రట?" అమ్మలాగే, చుక్క నీరు చొరకుండా అన్నాను. "అయ్యో" అన్నాడు. ఎందుకు అయ్యో అన్నాడో చెప్పలేదు.

ఇట్లు,
శ్రవణ్‌కుమార్

తా.క.: శ్రామిక స్త్రీల చెమటను ఐస్‌క్రీంలో కలిపే కుట్ర తెలిశాక నేను ఐస్‌క్రీం బహిష్కరించాను. విజేందర్ చెల్లెలి పెళ్లిలో బలవంతంగా కప్పు చేతిలో పెట్టారు. కరిగిపోయే వరకు తినకుండా పట్టుకుని నిరసన తెలిపాను. చేతులు జిగటజిగటగా అయిపోయి, కరచాలనం చేసిన ప్రతివాడూ నన్ను విడవలేకపోయాడు.

*

పల్లెపాలెం,
మార్చి 2.

శ్రవణ్‌కు,

పెద్ద ఉత్తరం రాసే ఓపిక లేదు, అందుకే కార్డు ముక్క. తెప్పలన్నీ ఖాళీగా తిరిగొచ్చాయి. నాచు పెరగబోయి లావెక్కేసరికి నేను నేర్పిన బిగువు ముడి కాడలను కోసేసింది. ముక్కలన్నీ సముద్రం పాలు. తాళ్ల మీద ఉత్త ముడులు మిగిలాయి. "నువ్వు కట్టించింది ముడా, ఉరితాడా?" అని పుష్పమ్మ అడిగింది. తిట్టినా బాగుండేది, మెల్లగా అడిగింది. మా సంస్థవాళ్లు ఇంకొక్కసారి నాటనిస్తారు. అది కూడా పోతే తెప్పలు వేరే ఊరికి ఇచ్చేస్తారు. వీళ్లు మళ్లీ ఒడ్డున కూర్చోవాలి, నావల్ల.

సభ మానుకో. ఆ కట్టను వదిలేయ్. నీకు దండం పెడతాను.

సంధ్య

తా.క.: కార్డు అందరూ చదువుతారని తెలుసు. పోస్టుమ్యాన్ గారూ, దయచేసి దీన్ని ఈరోజే ఇవ్వండి. నాలుగు రోజులు సంచిలో తిప్పకండి.

*

పోచంపల్లి,
మార్చి 9.

సంధ్య గారికి,

అక్కా అని పిలిచే స్థితిలో లేను.

మీ కార్డు సభ నాడే అందింది. పోస్టుమ్యాన్ నొచ్చుకున్నాడు. మూడు రోజులే తిప్పాడట.

గ్రౌండులో రాళ్ల పొయ్యి మీద గంగాళం నిండా ఎర్రరంగు మరుగుతోంది. 'ఈ నూలే మా జెండా' అని బ్యానరు కట్టాం. జనం వచ్చారు, మహిళా సంఘాలు వచ్చాయి, పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో కూడా వచ్చారు. విజేందర్ ఉపన్యాసం అయిపోయింది, నాదీ అయిపోయింది. కట్ట తేవడానికి ఇంటికి పోతే కొయ్య ఖాళీగా ఉంది. బాపు లేడు.

సుహాసిని వదిన చెప్పింది. తెల్లారి బస్సుకు పోయాడట, సంచి ఒకటి గుండెలకు పట్టుకుని. ఎక్కడికి మామా అంటే సంధ్య దగ్గరికి అన్నాడట. ఒక్కడివే పోతున్నవా, తోడు ఎవరన్న వస్తుండ్రా అంటే, సంచిని తట్టి "మీ అత్తమ్మ వస్తాంది" అన్నాడట. వదిన ఆ మాట చెబుతూ ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది.

సభలో ఏం జరిగిందో కూడా చెబుతాను, మీరు సంతోషిస్తారు. ముంచడానికి ఏమీ లేదు. జనం లేచిపోతున్నారు. ఏదో ఒకటి ముంచాలని విజేందర్ తన తెల్లచొక్కా విప్పి గంగాళంలో వేశాడు. చప్పట్లు కొట్టారు. ఎండాక చూస్తే అది ఎరుపు కాదు, చంటిపిల్లల గులాబీ రంగు. అదే జెండా ఇప్పుడు మా ఆఫీసు మీద ఎగురుతోంది. గుండీలు కూడా ఉన్నాయి.

చాటుగా బాపును పిలిపించుకున్నది మీరే. అమ్మ చివరి పనిని నాకు కాకుండా చేసింది మీరే. అమ్మను మనిద్దరం పోగొట్టుకున్నాం. కానీ మిగిలింది మీరొక్కరే పట్టుకుపోయారు. మీ గడ్డి కోసం ఆ నూలు విప్పి తాళ్లు పేనుకుంటారేమో, పేనుకోండి.

ఇట్లు,
శ్రవణ్‌కుమార్

తా.క.: బాపు మోకాళ్ల నొప్పుల మాత్రలు గూట్లోనే మరిచిపోయి పోయాడు. ఈ కవరులో పెట్టాను. తిన్న తర్వాత వేయాలి. ఇది రాజీ కాదు.

*

పల్లెపాలెం,
మార్చి 24.

నా శ్రవణ్‌కు,

అక్క సంధ్య రాసేది. దీన్ని నిలబడి చదవకు. మగ్గం అంచు మీద కూర్చుని చదువు.

బాపు చేరాడు, మాత్రలూ చేరాయి. నేను పిలవలేదు. నీ సభ నుంచి పారిపోయి వచ్చాడు.

వచ్చిన దగ్గర్నుంచి సంచిని ఒళ్లో పెట్టుకుని సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. అన్నం పెడితే సంచి దించకుండానే తిన్నాడు. ఇక్కడ తాటాకు పందిరి కింద పుష్పమ్మ అత్తగారు కూర్చుని నాచు ముక్కలు కడుతూ ఉంటుంది. ముసలామె. రెండు కళ్లలోనూ పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది, ఏమీ కనబడదు. తాడును మోకాళ్ల మీద వేసుకుని, చెయ్యి చాపి జానెడు కొలుచుకుని ఒక ముక్క కడుతుంది. మళ్లీ జానెడు, మళ్లీ ముక్క. నోటికి మాత్రం విరామం లేదు, ఎవరి కోడలు ఎప్పుడు అలిగిందో అన్నీ చెబుతుంది.

బాపు ఆమెనే చూస్తూ ఉన్నాడు. పొద్దు వాలే వేళకు నన్ను దగ్గరికి పిలిచి, "ఆమెకు కండ్లు కనవడవా?" అన్నాడు. కనబడవు బాపూ అన్నాను. "మరి గుర్తులెవరు పెడుతుండ్రు?" అన్నాడు. ఇక్కడ గుర్తులుండవు, చేత్తో కొలుచుకోవడమే, కొంచెం అటూ ఇటూ అయినా ఏం కాదు, నాచుకు తెలియదు అన్నాను.

అప్పుడు ఏడ్చాడు శ్రవణ్. అమ్మను సాగనంపిన రోజు కూడా అలా ఏడవలేదు. పుష్పమ్మ పరుగెత్తుకొచ్చి, ఏమైందో తెలియకపోయినా తనూ ఏడ్చింది.

తర్వాత చెప్పాడు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"మీ అమ్మకు సూపు పోయి శాన దినాలాయె బిడ్డా. నేను బొగ్గుతోని గుర్తు ఎంత లావుగ పెట్టినా, ఆమె ముడి పక్కకే పడుతుండె. ఆమె పొయ్యి కాడికి పోయినప్పుడు నేను విప్పి, గుర్తు మీద మళ్ల కట్టెటోణ్ణి. చీర దిగినంక, ఈసారి పువ్వు మంచిగొచ్చిందా అని అడిగేది. నీ చెయ్యి గద అంటుంటి. పోరగాండ్లకు చెప్పకు, చిటికి మాన్పిస్తరు అని ఒట్టేయించుకుంది. గీ కట్ట సరిజేద్దామనుకునేటాళ్లకు జరమొచ్చి దవాఖానకు పాయె. మళ్ల రాలే. ఇప్పుడు సరిజేస్తె ఆమె చెయ్యి పోతది. ముంచితె ఆమె మర్యాద పోతది. నేనేం జెయ్యాలె?"

నువ్వు సమ్మె అనుకున్నావు. నేను దుఃఖం అనుకున్నాను. ఇద్దరం ఉత్తరాలు రాసుకుని కొట్లాడుకున్నాం. బాపు మాత్రం ఇన్నాళ్లూ ఆ కొయ్య కింద కూర్చుని అమ్మకు కాపలా కాశాడు. ఒక్క పువ్వు కూడా కుదరని ఆ నూలును నువ్వు జిల్లా మొత్తం ముందు ముంచి, విప్పి, తప్పులేని పని అని చూపించబోయావు.

నీ కరపత్రం తలకిందులుగా పట్టుకున్న రోజు గుర్తు చేసుకో. అమ్మ అక్షరాలు వెతుక్కుంటోంది. మనకు అనుమానం రాకుండా బాపు ఆ జోకు వేశాడు. మనం నవ్వాం. నేను కూడా నవ్వాను, నిన్నొక్కణ్ణే అనడం లేదు.

మర్నాడు పొద్దున బాపు వెళ్లి ఆ ముసలామె పక్కన కూర్చున్నాడు. సంచిలోంచి కట్ట తీసి అమ్మ ముడులు ఒక్కొక్కటే విప్పాడు. విప్పిన రబ్బరు పీలికతో అక్కడికక్కడే నాచు ముక్క తాడుకు కట్టాడు. బిగించలేదు. మధ్యలో వేలు దూరేంత వదులుగా చుట్టి, "గట్టిగ కట్టుడు చీరకు. దీనికి నీళ్లు తగలాలె, ఇది పెరగాలె" అన్నాడు. కాడ లావెక్కితే రబ్బరు సాగుతుంది, కోయదు. నీ ఉత్తరంలో అయ్యో అన్నది దీనికేనట. నువ్వు వ్యాఖ్యానం ఆపి ఉంటే చెప్పేవాడట.

అమ్మ పీలికలతో ఒక తెప్ప నిండింది. మిగతా తెప్పలకు పుష్పమ్మ చీరాల వెళ్లి సైకిలు షాపుల్లో పాత ట్యూబులన్నీ ఊడ్చుకొచ్చింది. నిన్న ఆమె నీళ్లలోకి దిగి అమ్మ తెప్ప తాడు ఎత్తి చూసింది. ముక్కలన్నీ అలాగే ఉన్నాయి, కొత్త పిలకలు వేశాయి. అక్కడి నుంచే అరిచింది. ఒడ్డున కూర్చున్న మగవాళ్లు లేచి నిలబడ్డారు.

నూలు పార్సెలులో పంపుతున్నాను. తెల్లగా ఉంది. దాని మీద ఇప్పుడు తప్పూ లేదు, పువ్వూ లేదు. మొదటి కోత చూసి బాపు వస్తాడు. రంగు ముంచకుండా తెల్లగానే నేస్తాడట, అమ్మ సంవత్సరీకానికి. మగ్గం గుంత ఊడ్చిపెట్టు. షావుకారు మనిషి వస్తే మగ్గం ఖాళీ లేదని చెప్పు. కావాలంటే అరిచే చెప్పు.

నీ నంబరు మళ్లీ తెరిచాను. కానీ ఇది చదివిన రోజే చేయకు. ఇద్దరం మాట్లాడలేం.

ఇట్లు,
నీ అక్క
సంధ్య

తా.క.: నీ కరపత్రాలు మిగిలి ఉంటే పంపమని పుష్పమ్మ అడిగింది. ఎండిన నాచు సంచులకు అడుగున పరచడానికి మందం సరిపోతుందట. చదివించి చూశాకే ఈ మాట అంది, నొచ్చుకోకు.

ఇంకొక తా.క.: ఉత్తరం మడిచేటప్పుడు బాపు ఆపి, ఒక మాట రాయమన్నాడు. "మీ అమ్మను ముందే ఈడికి తెస్తె మంచిగుండేది. ఆమె ముడి ఏడ గట్టినా మొలుస్తుండె."